పొగను తినే గాలి

ఆరో తరగతిలో బడి మానేసిన నాకు బాగా అబ్బిన విద్య ఒక్కటే. చేతకాని పని గురించి, అమ్మ కడుపులోనే నేర్చుకుని వచ్చినవాడిలా మాట్లాడటం. ఆ విద్య మహిమ వల్ల ఒకసారి భివండిలోని కనేరిలో నలభైమంది మాడిన అన్నం తిన్నారు. నేనూ తిన్నాను. నా పళ్ళెం దగ్గరికి మాత్రం గరిటె రాలేదు, అట్లకాడ వచ్చింది. అడుగంటినదంతా గీకి నాకే పెట్టారు.

అలా పెట్టిన మనిషి మొన్న పోయింది.

ఆ కబురు నాకు చెవిన పడలేదు, కంట పడింది. అదే ఊళ్ళో నాగావ్‌లో నేను పనిచేసే కార్ఖానాలో ఒకే రేకుల కప్పు కింద ఇరవై నాలుగు సాంచలు ఆడుతుంటాయి. మీరు మరమగ్గం అంటారు, మేము సాంచ అంటాం. పేరేదైనా దాని పక్కన మనిషి గొంతు పనికిరాదు. అందుకని మాకు చేతులే నోళ్ళు. సేటు వస్తున్నాడంటే పొట్ట ముందు గాలిలో గుండ్రంగా ఒక గీత. చాయ్ వచ్చిందంటే బొటనవేలు పెదవికి. ఒక్కో మనిషికీ ఒక గుర్తు ఉంటుంది. నా గుర్తు ఏమిటంటే, నాలుగు వేళ్ళూ బొటనవేలూ కలిపి బాతు ముక్కులా టపటపా ఆడించడం. ఎందుకో మీకు ఇప్పటికే తెలిసి ఉంటుంది.

ఆవిడ గుర్తు, కనిపించని కడ్డీని పట్టుకున్నట్టు పిడికిలి బిగించి ముందుకూ వెనక్కూ రెండుసార్లు ఊపడం. ఆ పొద్దున ఎదురు వరుసలో పనిచేసే మా ఊరివాడు నా వైపు తిరిగి పిడికిలి ఊపాడు. మధ్యాహ్నం కూర ఏమిటో చెప్తున్నాడనుకుని నేను తల ఎగరేశాను. వాడు పిడికిలి విప్పి, అరచెయ్యి వెల్లకిలా తిప్పి, అలాగే పట్టుకున్నాడు. పోగు తెగకుండా, కరెంటు పోకుండా నేను సాంచ ఆపింది నా బతుకులో ఆ ఒక్కసారే.

ఆ ఊపుడు గుర్తు ఆవిడకు మొదటి నుంచీ లేదు. అంతకుముందు రెండు పిడికిళ్ళతో కళ్ళు నులుముకుంటే ఆవిడ అని అర్థం. కార్ఖానాలో ఒకసారి పడ్డ గుర్తు ఇక మారదు. మా దగ్గర ఒకతను కాలు విరిగి మూడు నెలలు కుంటుతూ నడిచాడు. కాలు బాగై ఏళ్ళు గడిచినా అతని గుర్తు ఇంకా కుంటుతూనే ఉంది. ఆవిడది మారింది. మారేలా చేసుకుంది.

సాంచల మీద బతికే ఒంటరి మగాళ్ళకు నెలవారీగా అన్నం పెట్టే చోటును భివండిలో భిస్సీ అంటారు. ఆవిడ భిస్సీ కనేరిలో ఒక చాల్, అంటే వరస గదుల మేడ, కింది అంతస్తులో ఉంది. ముందు గదిలో మేము బారుగా కూర్చుని తినేవాళ్ళం. వెనక సందులో రేకు కింద పొయ్యి. సిరిసిల్ల దిక్కు నుంచి మొగుడితో వచ్చి, చాలా ఏళ్ళు సాంచలకు నూలు కండెలు చుట్టి, ఆయన పోయాక ఈ భిస్సీ పెట్టుకుంది. తినేవాళ్ళందరం అత్త అనేవాళ్ళం.

నేను మొదటి రోజు అత్త అని పిలిస్తే నన్ను కిందినుంచి మీదికి చూసింది.

"నాకున్నది ఒక్క కొడుకు, బిడ్డనే లేదు. ఏ వరుసల అల్లుడివిరా నువ్వు?"

"అన్నం వరుసల అత్తా."

"అయితే తిన్న పళ్ళెం కడిగి పెట్టి పో. అన్నం వరుస అల్లుళ్ళు గట్లనే జేస్తరు."

భివండిలో అందరం అరుస్తాం. పగలంతా సాంచల మధ్య ఉండి ఉండి ఇంట్లో కూడా అదే గొంతు. మా ఇళ్ళల్లో మొగుడూ పెళ్ళాం గుసగుసలాడితే వీధి చివర పాన్ దుకాణం వాడు మధ్యలో సలహా ఇస్తాడు. ఆవిడ మాత్రం తనలో తాను అనుకుంటున్నట్టు మాట్లాడేది. మాట వినాలంటే మనమే వంగాలి. ఆరడుగుల మనుషులు ఆవిడ ముందు నడుము వంచి, చెవి పక్కకు పెట్టి నిలబడటం నేను రోజూ చూశాను. వంగినవాడు ఎదురు మాట్లాడలేడని ఆవిడకు తెలుసనే నా అనుమానం.

ఇంకో అలవాటు, దేన్నయినా బొటనవేలితో నొక్కి చూడటం. కండె మెత్తగా చుట్టుకుంటే, పోగును అటూ ఇటూ లాక్కుపోయే నాడెలో జారిపోతుంది, గట్టిగా చుట్టుకుంటే పోగు తెగుతుంది. మధ్య రకం కంటికి కనపడదు, బొటనవేలికే తెలుస్తుంది. కండెలు మానేసినా ఆవిడ వేలు మానలేదు. టమాటాలు నొక్కేది, పిండి నొక్కేది, కొత్తగా చేరినవాడి భుజం కూడా నొక్కేది. నా భుజం నొక్కి, "మెత్తగున్నవ్. నాగాలు పెడ్తవా?" అంది. పెడతాను. ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఎవరైనా ఫలానాది కాదు అంటే ఆవిడ ఒకటే మాట అనేది. "కాదు అని చెప్పకు. ఎందుకు కాదో చెప్పు." మాలో చాలామందికి మొదటిది వచ్చు, రెండోది రాదు. అందుకని ఆవిడ దగ్గర వాదన తొందరగా ముగిసేది.

ఇక పొయ్యి సంగతి. మొదట్లో విరిగిన చెక్కపెట్టెలు కాల్చి వండేది. పొగంతా మీది అంతస్తు వసారాలోకి పోయి, అక్కడ ఆరేసిన బట్టలన్నీ మసి వాసన కొట్టేవి. కళ్ళు నులుముకునే గుర్తు అప్పటిదే. మీది ఇంటావిడ రోజూ తిట్టేది, గదుల సేటు రెండుసార్లు వచ్చి హెచ్చరించి పోయాడు. గ్యాసు మీద నలభైమందికి వండితే ఆ కూడు మా కూలికి అందదు. అప్పుడు పెళ్ళిళ్ళకు వంట చేసే ఒకాయన కొత్త పొయ్యి కొనుక్కుని పాతది అమ్ముతుంటే ఆవిడ దాన్ని తెచ్చుకుంది. పెల్లెట్ల పొయ్యి. పెల్లెట్లంటే రంపపు పొట్టునూ చేను చెత్తనూ మిషన్లో నొక్కి చేసిన సుద్దముక్కల్లాంటి పుల్లలు. బస్తాల్లో వస్తాయి. పొయ్యి ఏమో మోకాలెత్తు ఇనుప పీపా. కడుపులో ఒక గుంట, గుంట కింద గాలి కొట్టే చిన్న ఫ్యాను, ఫ్యాను జోరు తిప్పడానికి పక్కన ఒక నాబ్.

పాతది కదా, దాని రోగాలు దానికున్నాయి. పెల్లెట్లు మీదినుంచే పోయాలి. ముప్పావుగంటకు అయిపోతాయి. అప్పుడు అన్నం ఉడుకుతున్న డేగిసా గిన్నె దించి, మండే నిప్పుల మీద కొత్త పెల్లెట్లు పోస్తే మంట ఉక్కిరిబిక్కిరై పొగ కక్కుతుంది. కరెంటు పోయిందా, ఫ్యాను ఆగి ఇంకా కక్కుతుంది. పైగా కరెంటు పోతే సాంచలూ ఆగిపోతాయి కదా. వాడలోని సాంచలోళ్ళందరూ ఒక్కసారి బయటికొచ్చి నిలబడతారు. అంటే మా పొయ్యి పొగ పెట్టే సమయానికే చూడటానికి జనం జమయ్యేవారు.

ఒకరోజు పెల్లెట్ల బస్తా కోసం ఆవిడ బయటికి పోవలసి వచ్చింది. ఆ వారం నాది రాత్రి పాళీ, పగలు ఖాళీగా భిస్సీలో కూర్చున్నాను. "అన్నం దిగేదాక మంట జూస్తుండు. నాబు ముట్టకు," అని చెప్పి పోయింది.

చూశాను. మంట చిన్నగా, సిగ్గుపడుతున్నట్టు మండుతోంది. మీటరుకింత అని కూలి తీసుకునేవాడికి నెమ్మదిగా ఆడేది ఏది కనపడ్డా చేతులు దురద పెడతాయి. మా లెక్కలో జోరు ఉంటేనే పని. రొట్టెలు చేస్తున్న ఆవిడ కోడలికి నేను గాలి గురించి ఒక ఉపన్యాసం ఇచ్చాను. ఆ పిల్ల భివండిలోనే పుట్టి మరాఠీ బడిలో చదివింది. "అన్నా, థాంబ్ నా. అత్త ముట్టకు అన్నది గదా," అని ఆపబోయింది. ఆగుతానా? నాబ్ పట్టుకుని చివరిదాకా తిప్పాను.

మంట విమానంలా మోగింది. నేను చేతులు కట్టుకుని దాన్ని చూసి మురిసిపోయాను. పావుగంటలో అడుగు అన్నం బొగ్గయింది, మీది అన్నం బియ్యంగానే ఉంది, పెల్లెట్లు అయిపోయాయి. ఇంకో బుట్టెడు పోశాను. అంటుకోలేదు. అంత వేడికి బూడిద కరిగి, రాయిలా గడ్డకట్టి, కింద గాలి వచ్చే రంధ్రాలన్నీ మూసుకుపోయాయట. నాకేం తెలుసు? పచ్చటి పొగ సందంతా నిండి మీది అంతస్తుకు ఎక్కింది. మీది ఇంటావిడ దగ్గుకుంటూ గదుల సేటుకు ఫోన్ చేసింది.

అత్త వచ్చేసరికి సేటు కూడా వచ్చాడు. అరవలేదు. "మౌసీ, గణపతి తక్. ఉస్ కే బాద్ ధువా దిఖా తో ఖోలీ ఖాలీ," అన్నాడు. గణపతి పండుగ దాకా గడువు, ఆ తర్వాత పొగ కనపడితే గది ఖాళీ. పండుగ ఇంకా నెల కూడా లేదు.

ఆయన పోయాక ఆవిడ పొయ్యి కడుపులోంచి బూడిద రాయి ఒకటి పట్టకారుతో తీసి, నీళ్ళు చల్లి, బొటనవేలితో నొక్కి చూసింది.

"గిది జూడు. మంటను గింత గట్టిగ జుట్టినవ్."

నేను చీపురందుకుని బూడిద ఊడవబోయాను.

"మీటర్ల మీద బతికి బతికి నీకు మంట గూడ మీటర్ల లెక్కన గనవడ్డది. తప్పు నీది గాదులే. కూసో, తిను."

అట్లకాడ వచ్చింది అప్పుడే.

తలా ఒక సలహా ఇచ్చాం. సేటుకు దండం పెట్టమని ఒకడు, గది మార్చమని ఒకడు. "దండం వెడితే పొగ ఆగుతదా?" అంది. గది మాటకొస్తే, రోజుకు రెండుసార్లు నలభైమంది వచ్చిపోయే పొయ్యికి గది ఇచ్చేవాడు కనేరిలో లేడు. అది పోతే మళ్ళీ కండెల దగ్గర ఇంకొకరి కింద కూర్చోవాలి. కూర్చోనంది. అంతకంటే ఏమీ అనలేదు. కొంగు నడుముకు దోపి, చల్లారిన పొయ్యిని సందులో బోర్లేసి, చేపను కోసి బాగుచేసినట్టు దాన్ని విప్పడం మొదలుపెట్టింది.

రెండు రోజుల తర్వాత మా కార్ఖానాకు వచ్చి నా సాంచ వెనక నిలబడింది. సాంచ వెనక పడుగు చుట్టిన బీము ఉంటుంది. దానికి గొలుసుతో ఇనుప దిమ్మెలు వేలాడుతుంటాయి. ముందు బట్ట ఎంత చుట్టుకుంటే వెనక బీము అంతే పడుగు వదులుతుంది. ఎక్కువ వదలకుండా ఆ దిమ్మెల బరువు పట్టి ఉంచుతుంది. ఆవిడ ఆ బీమునే చాలాసేపు చూసి, నన్ను బయటికి రమ్మని సైగ చేసింది.

"పడుగు మొత్తం ఒక్కసారే ఇడిస్తే ఏమైతది?"

"చిక్కువడ్తది."

"మరి పొయ్యిల మొత్తం ఒక్కసారే పోసి, పొగొచ్చింది పొగొచ్చింది అని మనం ఏడుస్తుంటిమి."

అక్కడి నుంచి నన్ను వెంటబెట్టుకుని నేరుగా వెల్డింగ్ దుకాణానికి పోయింది. తప్పు నీది కాదు అన్న మనిషే పొయ్యి మోయడానికి మాత్రం నన్ను పిలిచింది. పొయ్యి పక్కకు ఏటవాలుగా ఒక రేకు గొట్టం పెట్టాలి, పెల్లెట్లు అందులో పోస్తే కింద కాలినన్ని మాత్రమే మీదినుంచి జారాలి, డేగిసా దించే పని ఉండొద్దు అని చెప్పింది. వెల్డింగ్ ఆయన మా వైపువాడే.

"కాదమ్మా. అయ్యేదుంటే కంపెనీవాళ్ళే పెడుదురు గదా."

"కంపెనీవాళ్ళు నలభైమందికి వండుతరా? కాదు అని చెప్పకు. ఎందుకు కాదో చెప్పు."

ఆయన తల గోక్కున్నాడు. పాపం, ఎవరూ అంతవరకూ అడిగి ఉండరు. కొంచెంసేపు ఆలోచించి, "మంట ఆ గొట్టంలకెళ్ళి మీదికి ఎక్కుతది," అన్నాడు.

ఆవిడ ముఖం విప్పారింది. "గిప్పుడు జెప్పినవ్. ఎక్కకుంట ఎట్ల జేద్దాం?"

మొదటిసారి ఎక్కనే ఎక్కింది. గొట్టం వాలు చాలలేదు, మూత వదులు. పెల్లెట్లు మధ్యలో ఇరుక్కున్నాయి, మంట వాటిని వెతుక్కుంటూ గొట్టంలోకి పాకింది. నేను బకెట్ పట్టుకుని పరుగెత్తబోయాను. ఆవిడ నన్ను మోచేత్తో ఆపి, ఫ్యాను కట్టేసి, తడి గోనె మూత మీద పరిచి దాని పక్కనే నిలబడింది. గాలి అందక మంట అదే చచ్చింది. మర్నాడు గొట్టాన్ని ఇంకా నిటారుగా పెట్టించింది. మూత బిగువుగా చేయించి, మా కార్ఖానా సేటు పాత ఇనుము కింద భంగార్‌లో పడేసిన సాంచ దిమ్మె ఒకటి దాని మీద కూర్చోబెట్టింది. గొట్టం గుంటలో కలిసేచోట జారుడు పలక ఒకటి పెట్టించింది. అది మూస్తే పెల్లెట్లు ఆగుతాయి, మంట ఇవతలికి రాదు.

తర్వాత గాలి. ఫ్యాను గాలంతా కిందినుంచే కొడుతోందని విప్పినప్పుడే చూసుకుంది. లోపల రేకు పట్టీ ఒకటి అడ్డం పెట్టించి కింది గాలిని సగానికి పైగా తగ్గించింది. మిగిలిన గాలి పీపా గోడల మధ్యనుంచి మీదికి వచ్చేలా చేసి, గుంట అంచు చుట్టూ సుద్దతో చుక్కలు పెట్టి రంధ్రాలు వేయించింది. ముగ్గు వేసినట్టు పెట్టింది ఆ చుక్కలు. మండించి చూసేది, ఆర్పేది, ఇంకో నాలుగు చుక్కలు పెట్టేది.

"కింది గాలి మంటను లేపుతది. మీది గాలి పొగను తింటది," అని నాకు చెప్పింది. నేను అప్పటికే వంగి ఉన్నాను కాబట్టి విన్నాను. "ఇన్ని దినాలు కిందిదానికే తిండి వెట్టినం. మీదిది పస్తున్నది."

నిజంగానే అంచు చుట్టూ చిన్న చిన్న మంటనాలుకలు లోపలికి వంగి పొగను నాకేసేవి. మంట జోరు తగ్గింది, వేడి తగ్గలేదు. బూడిద రాయి కట్టడం మానింది. అయినా నమ్మక, అడుగు జల్లెడకు ఒక కడ్డీ బిగించి బయటికి తెచ్చింది. దానికి పాత సాంచ నుంచి తీసిన చెక్క పిడి. కొంచెంసేపటికోసారి రెండు ఊపులు ఊపితే బూడిద కిందికి రాలిపోతుంది. కరెంటు పోతే ఫ్యాను ఆగకుండా కొడుకు ఒక స్కూటర్ బ్యాటరీ తెచ్చిపెట్టాడు. ఇంతకుముందు అన్నం, పప్పు అయ్యేలోపు మూడుసార్లు డేగిసా దించేవాళ్ళం. ఇప్పుడు గొట్టం ఒకసారి నింపితే మధ్యాహ్నం వంట మొత్తం అయిపోయేది.

చివరి మార్పు నా గౌరవార్థం. ఫ్యాను జోరు తనకు కావలసిన చోట పెట్టి, ఆ నాబ్‌ను ఊడబీకి కొంగుకు ముడేసుకుంది. మిగతా ఆడవాళ్ళు తాళంచెవి కట్టుకునే చోట ఈవిడ నల్లటి ప్లాస్టిక్ నాబ్ కట్టుకుని తిరిగేది.

గణపతి పండుగకు వారం ముందు సేటు వచ్చాడు, మీది ఇంటావిడను వెంటబెట్టుకుని. పదకొండు గంటలైంది. అన్నం ఉడుకుతోంది, పొగ లేదు. సేటు ముక్కు ఎగబీల్చి చూశాడు. పొయ్యి చుట్టూ తిరిగాడు. మెచ్చుకుంటే ఎక్కడ అద్దె తగ్గుతుందో అన్నట్టు మూతి బిగించుకుని నిలబడ్డాడు.

అప్పుడు కరెంటు పోయింది.

ఎదురు కార్ఖానాలో సాంచలు ఒక్కొక్కటే సద్దుమణిగాయి. సాంచలు ఆగిన కనేరి ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో బయటివాళ్ళకు చెప్పలేను. చెవుల్లో దూది తీసినట్టు ఉంటుంది. అందరూ మెడలు తుడుచుకుంటూ బయటికొచ్చి, అలవాటుగా మా రేకు వైపు తల ఎత్తారు.

ఫ్యాను ఆగింది. బ్యాటరీ తీగ కొక్కెం వదులైపోయింది. డేగిసా పక్కనుంచి తెల్లటి పొగ ఒకటి దారంలా లేచింది. సేటు వేలెత్తాడు. నా నోరు, అంటే ఆ బాతు ముక్కు, మొదటిసారి మూతబడింది.

అత్త తొందరపడలేదు. జారుడు పలక మూసింది. కొక్కెం బ్యాటరీకి తగిలించి బొటనవేలితో నొక్కింది. కడ్డీ పట్టుకుని రెండుసార్లు ఊపింది, ముందుకూ వెనక్కూ. ఫ్యాను గుర్రుమంది. అంచు చుట్టూ మంటనాలుకలు లేచి, ఆ దారాన్ని మధ్యలోనే కొరికేశాయి. రేకు మీద ఆకాశం తప్ప ఏమీ లేదు.

ఆవిడ సేటు వైపు తిరిగింది. ఆవిడ మాట్లాడింది హిందీయే, కానీ నేను తెలుగులోనే రాస్తున్నాను. అందులో హిందీ ఉన్నది తక్కువ.

"ఎలిగిచ్చేటప్పుడు రెండు నిమిషాలు పొగొస్తది సేటు. అబద్ధం జెప్ప. నీ ఇంట్ల పోపు వెడితే గూడ గంతే వస్తది. అటెన్క రాదు. పొగ జూడాలని అంత మనసుంటే బీడీ ఎలిగిచ్చుకో."

ఎప్పటిలా చిన్న గొంతుతోనే అంది. కానీ సాంచలు ఆగి ఉన్నాయి. ఇన్నేళ్ళలో మొదటిసారి ఎవరూ వంగకుండానే వాడంతా ఆవిడ మాట విన్నది. ఎదురు కార్ఖానా గుమ్మంలో ఎవడో ఫక్కున నవ్వాడు. సేటు చెవులు ఎర్రబడ్డాయి.

"పొగ ఒక్కటేనా? ఇంతమంది వచ్చిపోతుంటారు. చెప్పులు, నీళ్ళు..." అని మొదలుపెట్టాడు.

"పొగ అన్నవ్. పొగ లేదు. రేపు ఇంకోటి అంటవ్. రేపటిదానికి రేపు జవాబిస్త. ఇయ్యాల ఇయ్యాల్టి జవాబు తీస్కపో."

తీసుకుపోయాడు. సరే అని ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు. మర్నాటి నుంచి నిజంగానే ఒక్కొక్కటీ తెచ్చేవాడు. చెప్పులన్నాడు, మేము చెప్పులు గోడకు మేకులు కొట్టి వేలాడదీశాం. నీళ్ళన్నాడు, మూడిళ్ళ అవతలి కుళాయి నుంచి వంతులవారీగా మోశాం. గది మాత్రం ఆవిడ వదల్లేదు. మీది ఇంటావిడ కొన్నాళ్ళకు వసారాలో మళ్ళీ తెల్లబట్టలు ఆరేయడం మొదలుపెట్టింది, అత్తతో ఒక్క మాట మాట్లాడకుండానే.

ఆ సాయంత్రం కార్ఖానాలో ఎదురు వరుసవాడు ఈ కథ చెప్పబోయి, కళ్ళు నులుముకోవడానికి పిడికిళ్ళు ఎత్తాడు. సగంలో ఆగి ఆలోచించాడు. చేతులు దించి, ఒక పిడికిలి ముందుకూ వెనక్కూ రెండుసార్లు ఊపాడు. వారం తిరక్కుండా ఇరవై నాలుగు సాంచల దగ్గరా అదే గుర్తు. నేను ఆవిడకు చెప్తే, "నీ గుర్తు గూడ మారుతదిరా, నోరు మూసి చూడు," అంది. మారలేదు.

ఆవిడ మంచిదని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. మొండిది. పొగిడితే ముఖం మాడ్చుకునేది. ఇద్దరు ముగ్గురు భిస్సీలవాళ్ళు తమ పొయ్యిలు అలా చేయించుకోవడానికి వస్తే, ఊరికే చెప్పేది కాదు. వాళ్ళ చేతే పొయ్యి విప్పించి, "ఏది ఎందుకున్నదో నువ్వే చెప్పు," అని ఎండలో కూర్చోబెట్టేది. ఒకాయన తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. మర్నాడు తిరిగొచ్చాడు. వానాకాలం పెల్లెట్లు గోటితో నొక్కి, చెమ్మ తగిలిందనుకుంటే బస్తా బస్తా వెనక్కి పంపేది. దుకాణంవాడు ఆవిడను చూస్తే షట్టరు దించుకునేవాడు. చివరి జ్వరంలో ఆసుపత్రికి చూడబోయిన నా చెయ్యి అందుకుని బొటనవేలితో నొక్కి, "ఇంక మెత్తగనే ఉన్నవ్," అంది. అదే నాతో ఆఖరి మాట.

ఆవిడ పోయాక మూడు రోజులు పొయ్యి వెలగలేదు. మేమంతా వడాపావ్ తిని సాంచలు నడిపాం. నాలుగో రోజు కోడలు పొయ్యి వెలిగిస్తానంది. పదకొండు రోజులు ఆగమని పెద్దవాళ్ళన్నారు.

"ఆగొద్దని అంటలేను. ఎందుకు ఆగాల్నో చెప్పుర్రి," అంది ఆ పిల్ల. "నలభైమంది పావులు తినుకుంట తిరుగుతుంటే అత్తకు నిమ్మలమైతదా?"



వెలిగించింది. అన్నం సగం ఉడికే సమయానికి సేటు వచ్చాడు. పరామర్శకే వచ్చాడనుకుందాం. "బడీ అచ్ఛీ బాయీ థీ," అని మెచ్చుకుంటూనే చూపు మాత్రం రేకు మీదే పెట్టాడు. నెమ్మదిగా అసలు సంగతికి వచ్చాడు. ముసలావిడ ఉన్నప్పుడు వేరు, నువ్వు ఒక్కదానివి ఇదంతా ఎలా చేస్తావు, పాత పొయ్యి, మళ్ళీ పొగ మొదలైతే మీదివాళ్ళు ఊరుకోరు, గది సంగతి ఆలోచించుకో అన్నాడు. కోడలు తల ఎత్తలేదు. కడ్డీ పట్టుకుని రెండు ఊపులు ఊపింది.

ఆ పిల్ల మాట్లాడదని నాకు అర్థమైంది. ఇక నేనెందుకున్నాను? పొయ్యి పక్కకు వెళ్ళి, సేటుకూ ఆమెకూ మధ్య అడ్డంగా నిలబడ్డాను.

"సేటూ, అట్ల మీదికి జూసి జూసి మెడ వడుతది. మా అత్త పొయ్యేటప్పుడు తన వెంట ఏం తీస్కపోలేదు, మీ పొగ ఒక్కటి తప్ప. గది గావాలంటే ముందు ఆమెను అడిగి రాండ్రి. తోవ నేను జూపిస్త," అన్నాను. ఇంకా చాలా అన్నాను. గుమ్మంలో నిలబడ్డ అల్లుళ్ళు నవ్వారు. సేటు కొంచెంసేపు నన్నూ, కొంచెంసేపు రేకునూ చూసి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

నేను మీసం దువ్వుకుంటూ కోడలి వైపు తిరిగాను. "జూసినవా చెల్లే? ఎట్ల తోలిన?"

ఆ పిల్ల అప్పుడు తల ఎత్తింది. కొంగు చివర ఆ నల్లటి నాబ్ ముడేసి ఉంది.

"నీ మాటకు పోలే అన్నా. పొగ కోసం వచ్చిండు, దొరకలే, పోయిండు. నువ్వు జర పక్కకు జరుగు, ఫ్యానుకు గాలి అందుతలేదు."